కొత్త కెర్నల్ వేసుకున్న రోజు

చిలకలూరిపేట బస్టాండు వెనక సందులో మెహర్‌కు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. అంతకుముందు ఆమె చాలా ఏళ్లు హైవే మీది స్పిన్నింగు మిల్లులో పనిచేసింది. మొదట్లో దారాన్ని కోన్లకు చుట్టే మిషన్ల దగ్గర ఉండేది. ఆ హాల్లో మిషన్లు తిరుగుతుంటే పక్కన నిలబడ్డ మనిషి గొంతు చించుకున్నా వినబడదు. అందుకని ఆడవాళ్లంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. టీకి వెళ్దామా, సూపర్‌వైజర్ వస్తున్నాడు, మీ చిన్నదానికి జ్వరం తగ్గిందా, అన్నీ సైగలే.

తర్వాత ఆఫీసులో కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి మానేస్తే, ఇంటర్ చదివింది కదా అని మెహర్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కంప్యూటర్ వారానికోసారి మొరాయించేది. బాగుచేయడానికి అనిల్ కుమార్ అనే కుర్రాడు వచ్చేవాడు. అతను ఏం విప్పుతున్నాడో, ఏం నొక్కుతున్నాడో పక్కనే నిలబడి చూసి, అడిగి నేర్చుకుంది. మిల్లు మూతపడ్డాక అతని షాపులోనే చేరింది. కొన్నాళ్లకు అతనికి గుంటూరులో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. "షాపు మూసేయబుద్ధి కావట్లేదు, నువ్వు నడుపుకో అక్కా" అని తాళాలు ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు. భర్త ముస్తాక్ పత్తి బేళ్ల లారీ తోలతాడు. ఆ రాత్రి అన్నం తింటూ విషయం విని, "బోర్డు మీద నీ పేరు రాయించు" అన్నాడు.

షాపుకు వచ్చేవి ఎక్కువగా పాత లాప్‌టాప్‌లు. కొత్త విండోస్ వేస్తే అవి ఆయాసపడతాయి. అలాంటి వాటికి మెహర్ విండోస్ బదులు, పాత మిషన్ల మీద కూడా తేలిగ్గా నడిచే లైనక్స్ వేసి ఇస్తుంది. అట్లా బాగుపడి వెళ్లిన వాటిలో క్రిస్టీనా లాప్‌టాప్ ఒకటి.

క్రిస్టీనా పుట్టుచెవిటిది. ముప్పై ఏళ్లుంటాయి. ఊరి చివర కాలనీలో, చర్చికి దగ్గరలో కింది వాటా అద్దెకు తీసుకుని ఉంటుంది. హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు సైగల భాష పద్ధతిగా నేర్చుకుంది. ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో చెవిటి పిల్లలున్న తల్లులకు రోజూ సాయంత్రం వీడియోలో ఆ భాష నేర్పుతోంది. తల్లులు మిరప కోతల నుంచి, కల్లాల నుంచి ఇళ్లకు చేరి, చేతులు కడుక్కుని, ఫోను గోడకు ఆనించి కూర్చుంటారు. క్రిస్టీనాకు చూపు కూడా అంతంతమాత్రం. ఫోన్లో ఎదుటివాళ్ల వేళ్లు ఆమెకు ఆనవు. ఏ వేలు మడిచారో, ఏది చాచారో తెలియకపోతే తప్పులు దిద్దలేదు. అందుకే ఆమెకు లాప్‌టాప్ కావాలి.

మొదటిసారి లాప్‌టాప్ పట్టుకుని షాపుకు వచ్చినప్పుడు, ఆమెకు వినబడదని తెలిసి మెహర్ అలవాటుకొద్దీ మిల్లు సైగల్లో "కూర్చో, టీ తాగుతావా" అంది. క్రిస్టీనా ముందు తెల్లబోయింది, తర్వాత పడీపడీ నవ్వింది. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం. సైగలు చాలని చోట ఫోన్లో టైపు చేసుకుని చూపించుకుంటారు.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం మెహర్‌కు మెసేజ్ వచ్చింది.

"అక్కా, అప్‌డేట్ అడిగితే పొద్దున నొక్కాను. ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఇక వైఫై లేదు. ఇవాళ క్లాసు తప్పకుండా జరగాలి. కొండమ్మ కోసం."

అప్‌డేట్ అడిగినప్పుడల్లా నొక్కెయ్యమని చెప్పింది మెహరే. షాపు షట్టరు సగం దించి, స్క్రూడ్రైవర్ల సంచీ తీసుకుని స్కూటీ ఎక్కింది. దారి పొడుగునా ఎండబోసిన మిరపకాయలు, ముక్కుపుటాలు మండించే ఘాటు. కొంగు ముఖానికి చుట్టుకుని నడిపింది.

క్రిస్టీనా గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి తీసుకెళ్లి కొండమ్మ సంగతి టైపు చేసి చూపించింది. కొండమ్మది పిడుగురాళ్ల వైపు పల్లె, కూలి పని. ఆమె కూతురు సువార్తకు ఏడేళ్లు, వినబడదు. రేపు పొద్దున గుంటూరు తీసుకెళ్లి ఆ పిల్లకు టాన్సిల్స్ ఆపరేషన్ చేయించాలి. సూది, మత్తు, నొప్పి, లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుంది, ఈ మాటలేవీ సైగల్లో చెప్పడం కొండమ్మకు ఇంకా రాదు. ఆ పిల్లకు చిన్నప్పుడు ఒకసారి చెప్పకుండా సూది వేయించారు. అప్పటి నుంచి తెల్లకోటు కనబడితే మంచం కింద దూరుతుంది.

మెహర్ చదివి, తలూపి, లాప్‌టాప్ ముందు కూర్చుంది. వైఫై గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ. సెట్టింగుల్లోకి వెళ్తే, వైఫై అడాప్టర్ దొరకలేదని రాసి ఉంది. వైఫై పైవాటా వాళ్లది. ముందు దాన్నే అనుమానించి మేడ ఎక్కి రౌటర్ ఆపి, మళ్లీ పెట్టించింది. కిందికి వచ్చి చూస్తే క్రిస్టీనా ఫోనుకు సిగ్నల్ బ్రహ్మాండంగా వస్తోంది, లాప్‌టాప్‌కే లేదు. వైఫై కార్డు వదులైందేమోనని వెనక మూత విప్పింది. కార్డు తీసి, బంగారు రంగు అంచు రబ్బరుతో తుడిచి, గట్టిగా నొక్కి కూర్చోబెట్టింది. మూత బిగించి ఆన్ చేస్తే మళ్లీ అదే మాట. ఫోనుకు కేబుల్ తగిలించి నెట్ ఇద్దామంటే, ఇంట్లో ఉన్న కేబుల్ ఒట్టి చార్జింగుకే పనికొచ్చే రకం. తన కేబుల్ షాపులో ఉండిపోయింది.

క్లాసు వేళ దగ్గరపడుతోంది. మెహర్ అనిల్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"కార్డు కనిపిస్తోందా అక్కా? కమాండు కొట్టి చూడు" అన్నాడతను.

"కనిపిస్తోంది. పేరు కూడా చూపిస్తోంది. దాన్ని నడిపించే డ్రైవర్ ప్రోగ్రామే లేదు."

"పొద్దుటి అప్‌డేట్‌లో కెర్నల్ మారిందేమో చూడు."

మెహర్ ఇంకో కమాండు కొట్టింది. "మారిందిరా. కొత్త నంబరు చూపిస్తోంది."

"అయితే అదే. కెర్నల్ మొత్తం సిస్టమ్‌కి గుండెకాయ కదా. మిగతా డ్రైవర్లన్నీ దానితోపాటే వస్తాయి. ఈ కార్డుది మాత్రం మనం విడిగా వేసుకున్నది. పాత కెర్నల్ కొలతలకి కుట్టినట్టు లెక్క. కొత్తదానికి మళ్లీ తయారుచెయ్యాలి."

"తయారుచెయ్యాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఎట్లా అనిల్?"

అవతల అతను నవ్వాడు. "ఇవాళ్టికి దాని జోలికే పోకు. పాత కెర్నల్‌ని అది తీసెయ్యదు, లోపలే ఉంచుతుంది. ఆన్ అయ్యేటప్పుడు మెనూ తెప్పించి, పాతదాన్ని ఎంచుకో. క్లాసు అయిపోనీ. రేపు తీరిగ్గా కూర్చుని చూద్దువు."

ఆ మెనూ మెహర్ ఎన్నోసార్లు చూసిందే. హడావుడిలో తట్టలేదు. లాప్‌టాప్ ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ మీట నొక్కి పట్టుకుంది. మొదటిసారి చెయ్యి ఆలస్యమై మెనూ దాటిపోయింది. రెండోసారి నల్లటి తెర మీద తెల్లటి వరసలు వచ్చాయి. పైన కొత్త కెర్నల్, కింద పాతది. పాతదాని మీదికి వచ్చి ఎంటర్ కొట్టింది. క్రిస్టీనా ఆమె భుజం మీద చెయ్యి వేసి వంగి చూస్తోంది. డెస్క్‌టాప్ వచ్చిన కాసేపటికి, మూలన వైఫై గుర్తు మెల్లగా నిండింది. క్రిస్టీనా భుజాన్ని గట్టిగా నొక్కి వదిలేసి, జుట్టు సవరించుకోవడానికి అద్దం దగ్గరికి వెళ్లింది.

మెహర్ ఇంటికి వెళ్లకుండా ఒక పక్కన పీట మీద కూర్చుంది. తెర మీద మిగతా తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. కొండమ్మ చివర వచ్చింది. ఇంకా తలకు గుడ్డ చుట్టుకునే ఉంది. మిరపకాయల తొడిమలు తీసి తీసి వేళ్లు మండుతున్నట్టున్నాయి, మాటిమాటికీ ఊదుకుంటోంది. క్రిస్టీనా ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ఆపరేషన్‌కు కావలసిన మాటలే నేర్పింది. డాక్టర్. సూది. కొంచెం నొప్పి. నిద్ర. లేస్తావు. నేను ఇక్కడే ఉంటాను. కొండమ్మ 'నిద్ర' బాగానే చేసింది. 'లేస్తావు' దగ్గర మాత్రం పదేపదే తప్పుతోంది. మిగతా తల్లులు విసుక్కోకుండా ఆమెతోపాటు చేశారు. ఎన్నోసారికో సరిగ్గా వచ్చింది. క్రిస్టీనా తెరకు దగ్గరగా వచ్చి, ఆమె వేళ్లు పరీక్షగా చూసి, బొటనవేలు ఎత్తింది.

చివర్లో కొండమ్మ సువార్తను లాక్కొచ్చి ఫోను ముందు కూర్చోబెట్టుకుంది. నేర్చుకున్నదంతా వరసగా ఆ పిల్లకు చేసి చూపించింది. పిల్ల కదలకుండా చూసి, తన గొంతు పట్టుకుని ఏదో అడిగింది. కొండమ్మకు అర్థం కాలేదు. క్రిస్టీనాకు అర్థమైంది. ఆపరేషన్ అయ్యాక చేతులకు కూడా కట్టు కడతారా అని అడుగుతోంది. కట్టరని క్రిస్టీనా చెప్పగానే పిల్ల ముఖం తేటపడింది. ఆ సంగతి టైపు చేసి చూపిస్తే, మెహర్ చదివి కొంగుతో కళ్లొత్తుకుంది. మిరప ఘాటు అనుకుందో ఏమో, క్రిస్టీనా లేచి కిటికీ మూసింది.

మర్నాడు మెహర్ మంచి కేబుల్ తీసుకుని మళ్లీ వెళ్లింది. కొత్త కెర్నల్‌తోనే ఆన్ చేసి, ఫోను ద్వారా నెట్ ఇచ్చింది. డ్రైవర్ తయారుచెయ్యడానికి కొత్త కెర్నల్‌కు సంబంధించిన ఫైళ్లు కొన్ని కావాలి. అవి దింపుకుని మొదలుపెడితే, సగంలో ఆగి ఎర్రటి అక్షరాల్లో తప్పులు చూపించింది. ఫైళ్లు మళ్లీ దింపుకున్నా అంతే. అప్పుడు ఆ తప్పుల్లో మొదటి వరసను కాపీ చేసి నెట్‌లో వెతికింది. ఇలాంటి తిప్పలే పడ్డవాళ్లు రాసుకునే ఫోరంలో జవాబు దొరికింది. పాత డ్రైవర్ పిలిచే పేర్లు కొన్ని కొత్త కెర్నల్‌లో మారిపోయాయట. ఎవరో వాటిని సరిచేసి, డ్రైవర్ కొత్త వెర్షన్ పెట్టారు. పాతదాన్ని పూర్తిగా తీసేసి దీన్ని వేసింది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే వైఫై దానంతటదే వచ్చింది. పాత కెర్నల్‌ను మాత్రం తీయకుండా ఉంచింది. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే ఏ మీట నొక్కాలో, ఏ వరస ఎంచుకోవాలో క్రిస్టీనా చేతే రెండుసార్లు చేయించింది.

షాపుకు వచ్చాక ఆ ఫోరం మళ్లీ తెరిచింది. అక్కడి జవాబులు చదివి ఎన్ని మిషన్లు బాగుచేసిందో ఆమెకే తెలియదు. ఎప్పుడూ ఒక్క ముక్క రాయలేదు. తన ఇంగ్లీషు చూసి నవ్వుతారని భయం. ఆ రోజు కూర్చుని, ఏ కార్డు, ఏ కెర్నల్, ముందు ఏది తీసెయ్యాలి, తర్వాత ఏది వెయ్యాలి, తనకు వచ్చిన ఇంగ్లీషులోనే రాసింది. పంపే ముందు అనిల్‌కు చూపిద్దామనుకుని, మళ్లీ వద్దనుకుని, పంపేసింది. ఎవరూ నవ్వలేదు. ఎక్కడో ఉన్న ఒకాయన, తనదీ అదే కార్డని, ఆమె చెప్పినట్టు చేస్తే పనిచేసిందని కింద రాశాడు. ముస్తాక్ లారీ దిగి వచ్చాక ఆ వరస చూపిస్తే, "ఏ దేశమో?" అన్నాడు. "తెలీదు. మనలాంటి పాత లాప్‌టాప్ ఉన్నవాడు" అంది మెహర్.

ఆపరేషన్ అయిన మర్నాడు సాయంత్రం క్లాసుకు కొండమ్మ ఆసుపత్రి వార్డు నుంచే వచ్చింది. మెహర్ కూడా ఆ పూట క్రిస్టీనా ఇంట్లోనే ఉంది. కొండమ్మ నోటితో చెబుతుంటే విని, క్రిస్టీనా కోసం టైపు చేసింది.

"సూదేసేటప్పుడు చెయ్యి తనే చాపిందమ్మా. లేవగానే నాకోసం చూసింది. నేను ఎదురుగానే ఉన్నా. ఏడవలా."

వార్డులో అదే ఆపరేషన్ అయిన పిల్లలు ఇంకొందరు ఉన్నారట. గొంతు పచ్చిగా ఉంది, మాట్లాడొద్దని డాక్టర్లు వాళ్లకు గట్టిగా చెప్పారట. కొండమ్మ ఫోను అటు తిప్పింది. పక్క మంచం మీద మెడకు తడిగుడ్డ చుట్టుకున్న అమ్మాయి ఉంది. పేరు హీనా అట. సువార్త ఆ అమ్మాయికి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, ఐస్‌క్రీమ్‌ను ఎలా చెప్పాలో నేర్పుతోంది. హీనా తప్పు చేసింది. సువార్త ఆ పిల్ల వేళ్లు పట్టుకుని సరిచేసి, మళ్లీ చెయ్యమంది.