పడవ మీద మిగిలిన ఎనిమిది

మట్టెవాడలో హైదర్ నడిపే రేడియం స్టిక్కర్ల దుకాణానికి ముప్పై ఏళ్లుగా ఒక రాజ్యాంగం ఉంది. అది ఒకటే వాక్యం. గోడ మీద ఎర్రక్షరాల్లో ఉంటుంది: 'రాతకు బాధ్యత రాయించుకున్నవారిదే'. దాని నీడలో ఆయన పేపరు చదవడం కూడా రానివాళ్ల బైకులకు 'ప్రెస్' అని అతికించాడు. రెండుసార్లు బోల్తాపడ్డ లారీకి 'శుభప్రయాణం' అని అతికించాడు. అక్షరం వంకర పోకూడదు, లోపల గాలిబుడగ ఉండకూడదు. తక్కినదంతా రాయించుకున్నవాడికీ దేవుడికీ మధ్య వ్యవహారం. హైదర్ అతికిస్తే ఊడదని వరంగల్ ఆటోవాళ్లలో పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

పోయిన పత్తి సీజనులో ఆ పేరే ఆయన ప్రాణం మీదికొచ్చింది. పేపర్లో ఫొటో పడింది. రఘునాథపల్లి దగ్గర ఓ ఆటో పక్కకు ఒరిగి పడి ఉంది. పత్తి ఏరను పోయేవాళ్లు పదకొండు మంది ఎక్కారట. ఇద్దరు ఆడవాళ్లు మళ్లీ ఇల్లు చేరలేదు. ఆటో ఒంటి మీద గద్దబొమ్మ మాత్రం రెక్కలు చాపుకుని నిక్షేపంగా ఉంది. 'ఒక్క బుడగ లేదు' అనుకున్నాడు హైదర్, మొట్టమొదట. చాయ్ రెండో గుక్క దిగేలోపు మిగతాది గుర్తొచ్చింది. ఆ గద్ద ఉన్నచోట అంతకుముందు 'డ్రైవర్ + 3' అని ఉండేది. గద్ద రెక్కలకు జాగ చాలదని డ్రైవరంటే దాన్ని గీకి తీసింది తనే.

ఈ సంగతి ఆయన భార్య మెహ్జబీన్‌కు కూడా చెప్పలేదు. "అన్నం తింటలేవు, గెలుకుతాండవు. ఏమైంది జర చెప్పరాదు?" అని ఆమె అడిగినప్పుడల్లా కూరలో ఉప్పు మీదికి నెట్టేవాడు. నేరం ఎరుగని ఆ ఉప్పు మూడు నెలలు మాటపడింది.

అటువంటి రోజుల్లో సుదర్శన్ పిలిచాడు. తొర్రూరు రోడ్డులో ఓ చెరువు మీద బోటింగ్ కాంట్రాక్టు ఈ ఏడు ఆయనకొచ్చింది. తెల్లారితే ఓపెనింగ్. హైదర్ పోయి చూస్తే గట్టు మీద పాత టైర్ల పైన ఫైబర్ పడవ కూర్చోబెట్టి ఉంది. దాని మీద 'రాజేశ్వర్ రావు బోటింగ్', ఓ హంస, వెనకవైపు జానెడెత్తు అంకెతో '8 మంది మాత్రమే'. అన్నీ పదకొండేళ్ల కింద హైదర్ చేత్తో అతికించినవే. పాత కాంట్రాక్టరు రాజేశ్వర్ రావు దగ్గరుండి ఆ అంకెను రెండింతలు పెద్దగా కోయించాడు.

"గిదంత పీకాలె హైదర్ భాయ్. మా బిడ్డ పేరు మీద 'హారిక బోటింగ్' అని వెయ్. ఎనిమిది తీసి పన్నెండు పెట్టు."

"పన్నెండా సేఠ్?"

"రెండు బెంచీలు బిగిచ్చిన గద! జనం గూడ ఇప్పుడు డైటింగులు జేసి బక్కగైతాండ్లు."

పడవ వెనకాల, ఎంతమందిని మోస్తుందో చెప్పే కంపెనీవాళ్ల రేకు ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ రంధ్రాలే ఉన్నాయి. "గా రేకేది?"

"తుప్పు పట్టె. పీకి పారేసిన."

అల్యూమినియం రేకుకు తుప్పు పట్టడం లోకంలో ఇదే మొదలై ఉంటుందని హైదర్ మనసులోనే అభినందించాడు. తర్వాత పనికి కూర్చున్నాడు.

తను ఊడకుండా అతికించినదాన్ని తనే ఊడదీయడం మనిషికి పెట్టగూడని పరీక్ష. వేడిగాలి మిషన్ పట్టి, అంచు మెత్తబడ్డాక గోటితో లేపి, తోలు వలిచినట్టు నెమ్మదిగా లాగాలి. బ్లేడు పెడితే ఫైబర్ గీసుకుపోతుంది. అందుకని చెల్లిపోయిన ఏటీఎం కార్డుతో గీకాలి. థిన్నర్ పోస్తే పైపూత కరుగుతుంది కనుక మిగిలిన గమ్‌ను నీలగిరి తైలంతో తుడవాలి. మధ్యాహ్నానికి హంస ముక్కలుముక్కలై టైర్ల కింద పడింది. రాజేశ్వర్ రావు 'రావు' దగ్గర కాస్త మొరాయించి దిగిపోయాడు.

అన్నీ తీశాక చూస్తే అన్నీ ఉన్నాయి. పదకొండేళ్ల ఎండకు పడవంతా వెలిసి తెల్లబారింది. స్టిక్కరు కింద దాగిన చోట మాత్రం అసలు నీలం అలాగే ఉంది. అక్షరాలు లేవు, వాటి ఆకారాలు ముందుకంటే స్పష్టంగా ఉన్నాయి.

"కాంపౌండ్ పెట్టి రుద్దు!" అని చెప్పి సుదర్శన్ ఫోను మాట్లాడుతూ అటు పోయాడు.

చుట్టూ తెల్లదనం అరిగిపోయేదాకా హైదర్ రుద్దాడు. పేరు పోయింది. హంస పోయింది. వెనక్కి వచ్చి ఎనిమిది మీద గుడ్డ పెట్టాడు. ఆ ఆటో మీద గద్ద కోసం గీకిన మూడు అంకె, కార్డు అంచున ఎట్లా చుట్టుకుని లేచిందో కళ్లకు కట్టింది. గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత సంచీలోంచి కారు పాలిష్ డబ్బా తీసి ఎనిమిది మీద మూడు పూతలు పట్టించాడు. పాలిష్ తాగిన చోట స్టిక్కరు నిలవదు. నీలం నిగనిగలాడింది.

సుదర్శన్ వచ్చేసరికి 'హారిక బోటింగ్' సిద్ధంగా ఉంది. పన్నెండు లేదు.

"గిదేంది భాయ్, ఎనిమిది మెరుస్తాంది?"

"పన్నెండు నేను అతికియ్య సేఠ్."

"నీకేంది ఫికర్? బాధ్యత రాయించుకున్నోనిదని నీ గోడ మీదనే ఉన్నది గద!"

"గా గోడ మీద రాసింది గూడ నేనే. తప్పు రాసిన."

"నువ్వు గాకపోతే హన్మకొండల ఇంకోడు."

'నిజమే' అనుకుంటూ హైదర్ సంచీ సర్దుకున్నాడు. దొరుకుతాడు. పని తెలిసినవాడైతే స్పిరిట్ గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, చాయ్ చల్లారేలోపు అతికిస్తాడు. తనకు ముప్పై ఏళ్లు కుదిరిన పని ఇంకొకడికి కుదరకుండా పోదు.

పడవ ఎక్కే చోటే మొగిలమ్మ మిర్చీ బజ్జీల బండి. ఆమెకు చదువు రాదు. బస్సు నంబర్లు, ఫోను నంబర్లు మాత్రం తప్పవు. స్కూటీ తీస్తున్న హైదర్‌ను ఆమె ఆపింది. "ఎనిమిదేనా భాయ్ గది? సేఠ్ పన్నెండంటుండె."

"ఎనిమిదే అక్కా. ఎక్కేటోళ్లను లెక్కవెట్టు. తొమ్మిదోడు కాలు పెడితే లొల్లి జెయ్."

"లొల్లిదేమున్నది, గది నాకు పుట్టుకతోనే అచ్చింది," అందామె. అని, "సేఠ్ నా బండిని ఈడ ఉండనిత్తడా మరి?" అంది మెల్లగా.

హైదర్ స్కూటీ స్టార్ట్ చేశాడు.

తిరుగుదారిలో ఎదురొచ్చిన ప్రతి ఆటో మీదా తన చేతిపనే. ముప్పై ఏళ్లలో మొదటిసారి హైదర్ బొమ్మల జోలికి పోకుండా లోపలికి చూశాడు. మొదటిదాంట్లో ఏడుగురు. రెండోదాంట్లో తొమ్మిది మంది, ఇద్దరి కాళ్లు బయట. మూడోది, గద్దబొమ్మే ఉన్న ఇంకో ఆటో. అందులోవాళ్లను లెక్కపెట్టడానికి స్కూటీ పక్కకు ఆపాల్సి వచ్చింది.