ముట్టుకోకూడని రిజర్వ్

ఐలీన్ ట్రెంబాత్ అంటే మా వారాబిన్‌లో ఎవరికీ పడదు. ఆమె నగర కౌన్సిల్లో ఆర్థికాధికారి. పదకొండేళ్లుగా "కుదరదు" అనడమే ఉద్యోగం. బేకరీ ముందు వరుసలో నిలబడితే వెనకవాళ్లు రెండడుగులు దూరం జరుగుతారు. ఎవరికైనా నచ్చాలని ఆమె కూడా ఎన్నడూ తాపత్రయపడలేదు.

మూడేళ్లుగా కౌన్సిల్ ఖర్చు రాబడిని మించుతోంది. లోటు పడ్డప్పుడల్లా మేయర్ డెస్ కాలిగన్ పొదుపు నిధిలోంచి తీసి పూడుస్తున్నాడు. ఇంటిపన్ను పెంచితే ఓట్లు పోతాయి కదా. ఇంకో ఏడాది ఇదే తంతు నడిస్తే నిధి ఖాళీ. ఆపైన జీతాలకూ అప్పే. దాన్ని ఆపాలని ఐలీన్ పంతం.

ఈసారి బడ్జెట్ ముసాయిదాలో ఒక వాక్యం రాసింది: "ఇలాగే సాగితే వచ్చే జూన్‌కల్లా రిజర్వ్ మిగలదు." కౌన్సిల్ కాగితాల్లో రిజర్వ్ అంటే ఆ నిధి. మా ఊరికి రిజర్వ్ అంటే ఫుట్‌బాల్ మైదానం.

బడ్జెట్ సభకు ఎప్పుడూ నలుగురం కూడా వెళ్లం. ఆ వాక్యం ఊరంతా పాకడంతో ఆ రోజు కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డాం.

"మైదానం అమ్మేస్తావా ఐలీన్?" మాంసం కొట్టు మెర్వ్ లేచాడు. "మా నాన్న బూడిద చల్లింది ఆ గోల్ స్తంభాల కిందే."

"ఇది నిధి గురించి..."

"నీ లెక్కలు నీ దగ్గరే పెట్టుకో తల్లీ. ఒక్క ఆటైనా చూసిన మొహమా నీది?"

చప్పట్లు. అసలు సంగతి మేయర్‌కు తెలుసు. చప్పట్ల విలువ ఇంకా బాగా తెలుసు. "నేనుండగా రిజర్వ్ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు" అన్నాడు.

"తీర్మానంగా రాయమంటారా?" అంది ఐలీన్.

"పొల్లు పోకుండా రాయి."

ఏకగ్రీవం.

ఆగస్టులో మైదానానికి కొత్త గ్యాలరీ కట్టాలని మేయర్ పొదుపు నిధిలోంచి డబ్బు అడిగాడు. రిజర్వ్ మీద ఎవరూ చెయ్యి వెయ్యరాదన్న తీర్మానాన్ని ఐలీన్ అతని ముందు పెట్టింది.

"నేనన్నది మైదానం సంగతని నీకు తెలీదా?"

"అదే సభలో చెప్పండి డెస్. మైదానం అమ్మకం ఎక్కడా లేదని తెలిసే చప్పట్లు కొట్టించుకున్నానని కూడా."

మేయర్ ఆ మాట సభలో చెప్పలేదు. గ్యాలరీ కాగితం మీద బొమ్మగానే మిగిలింది, నిధి ముట్టుకునే దారి లేక పన్ను పెరిగింది, లోటు సగమైంది. మైదానాన్ని తామే కాపాడామని ఊరంతా ఇప్పటికీ గొప్పలు పోతోంది. పన్ను పాపం మాత్రం ఐలీన్‌దే.

మొన్న మెర్వ్ కొట్లో ఆమె సాసేజీలు అడిగింది.

"అయిపోయాయి."

"నీ వెనక వేలాడుతున్నవో?"

"అవి రిజర్వ్" అన్నాడు మెర్వ్.