పక్కింటి అక్క మడిలో నీళ్లు

నా చిన్నప్పుడు నేను ఓర్వలేకపోయిన మొదటి మనిషి మా పక్కింటి అక్క. నాకు పదేళ్లు, ఆమెకు పదిహేడో పద్దెనిమిదో. వాళ్ల నాన్న మణుగూరు బొగ్గు గనిలో పనికి కుదిరి, ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. అందుకని పొలం పనంతా అక్కే చూసుకునేది.

మా పొలం కిందనే వాళ్ల పొలం. అడవిలోంచి వచ్చే వాగుకు అడ్డుకట్ట వేసి, అక్కణ్ణుంచి తవ్విన సన్నటి కాలువతో రెండిళ్లవాళ్లమూ వరి పండించుకునేవాళ్లం. నీళ్లు తక్కువ కాబట్టి వంతులుండేవి. మూడు రోజులు మాకు, మూడు రోజులు వాళ్లకు.

ఆ యాసంగి పంటలో వాళ్ల వరి మా వరికంటే ముదురుపచ్చగా, ఒత్తుగా పెరిగింది. అదైనా సహించేదాన్నేమో. మా తాతయ్య రోజూ వాళ్ల గట్టు మీద నిలబడి అక్కకు పార ఎలా పట్టాలో, ఏ మడికి ముందు నీళ్లు పెట్టాలో చెబుతుండేవాడు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా ఆ పిల్ల ముచ్చటే. వింటుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం, తన వంతు చివరి రోజున, అక్క మడులన్నిటికీ నిండుగా నీళ్లు కట్టుకుని అన్నానికి వెళ్లింది. నేను మా పార తీసుకుని వెళ్లి వాళ్ల కింది గట్టుకు గండి కొట్టాను. నీళ్లు మడి నుంచి మడికి జారి బుడబుడమంటూ వాగులోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ కాసేపు నాకు ఎంతో హాయిగా ఉంది.

సాయంత్రానికి మడుల్లో బురద తేలింది. పైరు పొట్ట మీద ఉంది. ఆ సమయంలో నీళ్లు అందకపోతే గింజ పట్టక కంకి తాలుపోతుంది. ముందురోజు చల్లిన ఎరువు కూడా కొట్టుకుపోయింది. అక్క తెగిన గట్టు మీద కూలబడి ఏడ్చింది. తాతయ్య గండిని చూశాడు, తర్వాత బురద అంటిన నా కాళ్లను చూశాడు.

“ఎండ్రకాయలు బొక్క పెట్టినట్టున్నయ్ బిడ్డా,” అన్నాడు అక్కతో. “రేపటి సంది వంతు మాదే గద, నువ్వే పెట్టుకో.”

“మరి మీ పొలం తాతా? అది గూడ పొట్టకొచ్చింది గద!”

“ఆగుతది తియ్యి.”

మర్నాడు పొద్దున్నే నా చేతికి పార ఇచ్చి కాలువ వెంట నడవమన్నాడు. రాలిన టేకాకులు నీళ్లకు అడ్డం పడుతుంటే తీస్తూ, కారిపోయే చోట మట్టి వేస్తూ మూడు రోజులు తిరిగాను. నేను ఒక్క పూటలో ఖాళీ చేసిన మడులు నిండడానికి ఆ మూడు రోజులూ పట్టాయి. ఈలోగా మా పై మడి నెర్రెలిచ్చింది. అది చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

“నీకు అక్కంటేనే పానం. నాకెందుకు నేర్పలే?” అని అరిచాను.

తాతయ్య నా ముందు గొంతుక్కూర్చున్నాడు. “ఆ పిల్ల వచ్చి అడిగింది, నేను చెప్పిన. నువ్వు ఎన్నడన్న అడిగినవా?”

అడగలేదు. దూరం నుంచి చూసి కుళ్లుకున్నాను, అంతే. తల వంచుకుని, నాకూ నేర్పమన్నాను. ఆయన లేచి నా వెనక నిలబడి, నా చేతుల మీద చేతులు వేసి పార పట్టించాడు.

అక్క పంట నిలబడింది. మా పై మడిలో సగం తాలే వచ్చింది. తాతయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు. అక్కకు నిజం చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. “మీ పొలం ఎండుతుంటే తప్పు నాదే అన్నట్టు మూడు దినాలు అన్నం సయించలే. గప్పుడే చెప్పాల్సింది,” అంది ఆమె. ఆ మాట ఇప్పటికీ నాలో ముల్లులా ఉంది.

ఎవరి పొలమైనా నా పొలంకంటే పచ్చగా కనిపిస్తే కడుపులో మంట లేస్తుంది. ఈ వయసులోనూ అది పోలేదు. అలా లేచిన రోజే వాళ్ల గట్టు మీదికి వెళ్లి, “ఏం చేసినవ్ బిడ్డా, నాకు గూడ జర చెప్పు,” అని అడుగుతాను. అడిగేటప్పుడు ఇప్పటికీ కొంచెం నామోషీగానే ఉంటుంది. అయినా అడిగే వస్తాను.