‘డెఫినెట్లీ’ ఏ మాటకు ముందు?

మహారాష్ట్ర అంచున, మా సిరోంచా దగ్గర గోదావరి మీద వంతెన కట్టి రెండు మూడేళ్లయింది. ఆ చలికాలం తహసీల్ ఆఫీసు నుంచి మా జూనియర్ కాలేజీకి ఒక ఆదేశం వచ్చింది. రేగుంట వైపు వాగుల్లో రాయిగా మారిన పురాతన జంతువుల ఎముకలను పరిశీలించడానికి ఇంగ్లండు నుంచి ఒక శాస్త్రవేత్త వస్తున్నారు, ఆమె పని ముగిసేదాకా ఒక ఇంగ్లీషు లెక్చరర్‌ను దుభాషీగా పంపండి అని. మా కాలేజీలో ఇంగ్లీషుకు ఉన్నది నేనొక్కణ్ణే. ‘ఆన్ డ్యూటీ’ అని హాజరు పట్టీలో రాయించుకుని బయల్దేరాను.

దుభాషీ పని పాఠం చెప్పడం లాంటిది కాదు. మాట్లాడినవాడు ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనే చెప్పాలి. మాటను మెత్తబరచకూడదు, పెంచకూడదు. అర్థం కాకపోతే ఊహించకుండా మళ్ళీ అడగాలి. ఇవన్నీ తెలిసినా, పనిలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి పెద్ద పెద్ద శాస్త్రపదాలు కావు. ఎప్పుడూ, వెంటనే, నిజంగా, తప్పకుండా లాంటి చిన్న మాటలు. ఇంగ్లీషులో ఒక వాక్యంలో రెండు క్రియలు పక్కపక్కన ఉంటాయి: చెప్పడం, చేయడం, కోరడం, రావడం. ఈ చిన్న మాట ఏ క్రియ పక్కన నిలబడితే బరువు దాని మీద పడుతుంది. చోటు మారితే సంగతే మారిపోతుంది.

శాస్త్రవేత్త పేరు డాక్టర్ హెలెన్. యాభై దాటిన మనిషి, ఎండను లెక్కచేయకుండా వాగు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని పనిచేసేది. ఆమెకు సహాయకురాలిగా స్వరూపను పెట్టుకున్నారు. స్వరూప నా పాత విద్యార్థిని, బామ్ని అనే ఊరి అమ్మాయి. వాళ్ళ తాతల కాలంలో కూలికి పోయిన కుటుంబం. తండ్రి రాజయ్య మోటారు పంపులు బాగుచేస్తాడు. స్వరూప బీఎస్సీ చేసి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు కూడా పూర్తి చేసింది. తెలుగు, మరాఠీ, హిందీ వచ్చు. గోండీ కొంత వచ్చు. ఇంగ్లీషు మాట్లాడటానికి భయం లేదు.

మొదటి వారంలోనే ఒక గొడవ అయింది. పోశాలు అనే కూలీ గుర్తు పెట్టని చోట గడ్డపార దింపాడు. హెలెన్ పరుగున వచ్చి, “ఐ నెవర్ టోల్డ్ యూ టు డిగ్ హియర్” అంది. నేను కొంచెం దూరంలో ఉన్నాను. స్వరూప వెంటనే, “ఈడ ఎన్నడు తవ్వొద్దని చెప్పిన అంటున్నది” అంది. పోశాలుకు కోపం వచ్చింది.

“నాకెప్పుడు చెప్పింది? ఉట్టిగనే బద్నాం చేస్తదా?” అని గడ్డపార పడేశాడు.

నేను వచ్చి సరిచేశాను. తవ్వొద్దని చెప్పానని ఆమె అనలేదు. ‘తవ్వమని నేను చెప్పలేదు’ అంది. ‘నెవర్’ చెప్పడానికి ముందు ఉంది, తవ్వడానికి ముందు కాదు. పోశాలు చల్లబడ్డాడు. స్వరూప మాత్రం ఆ సాయంత్రం జీపులో ఆ రెండు వాక్యాలను మార్చి మార్చి పలుకుతూనే ఉంది. అటువంటి విద్యార్థి మాస్టరుకు అరుదుగా దొరుకుతుంది.

సీజన్ ముగిసేసరికి హెలెన్‌కు నా అవసరం పెద్దగా లేకుండా పోయింది. ఇద్దరూ వాగు ఒడ్డున కూర్చుని రాళ్ళకు నంబర్లు వేస్తూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. స్వరూప చెయ్యి ఎంత నిలకడగా ఉంటుందో హెలెన్ నాతో చాలాసార్లు చెప్పింది. పొగడటానికి మాత్రమే చెప్పిన మాట కాదది, ఆమెతో ఇంకా పని చేయాలన్న ఇష్టం అందులో వినబడేది.

హెలెన్ వెళ్ళిపోయిన మర్నాడు స్వరూప సిరోంచాలో మా ఇంటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“సార్, వచ్చే ఏడు నన్ను తప్పకుండ పనిల తీస్కుంట అన్నది మేడం. ఇగ నేను ఆష్టికి పోను.”

ఆష్టిలో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా కాంట్రాక్టు ఉద్యోగానికి ఆమెకు పిలుపు వచ్చి ఉంది. వారంలోగా చేరాలి. చేరకపోతే ఎంపిక జాబితాలో తరువాతి వాళ్ళను పిలుస్తారు.

“ఆమె ఇంగ్లీషుల ఏమన్నది? అన్నది అన్నట్టే చెప్పు,” అన్నాను.

“ఐ డెఫినెట్లీ వాంట్ టు టేక్ యూ ఆన్ నెక్స్ట్ ఇయర్.”

 పోశాలు గొడవనాడు చెప్పిన పద్ధతిలోనే చెప్పాను. ‘డెఫినెట్లీ’ కోరికకు, అంటే ‘వాంట్’కు, ముందు ఉంది. కోరిక మాత్రం ఖాయం. తీసుకోవడం ఖాయమని ఆమె అనలేదు. ఇంగ్లీషువాళ్ళు తరచుగా ఇట్లా అంటారు. మనసులోని ఇష్టాన్ని గట్టిగా చెప్పి, పనిని వదులుగా ఉంచుతారు. అందులో మోసం లేదు. మన తెలుగులో అయితే ‘తప్పకుండ’ పోయి నేరుగా పని పక్కనే నిలబడుతుంది.

స్వరూప నవ్వింది. “ఖాయంగ కోరుకున్నోళ్ళు చెయ్యకుంట ఎట్లుంటరు సార్?”

 వ్యాకరణం ప్రకారం నా మాట సరైనదే. మనుషుల ప్రకారం ఆమె మాటే సరైనదేమో అనిపించింది.

“ఒక్కసారి ఫోన్‌ల అడుగు. ఖాయమా, కాదా అని సాఫ్ సీదా అడుగు. నన్నడగమంటే నేనడుగుత.”

“వద్దు సార్. అడిగితే నమ్మనట్టయితది. నా ముఖం చూస్కుంట చెప్పిన మాట అది.”

రాజయ్య నాకు ఫోన్ చేశాడు. “సార్, మీరన్న చెప్పుండ్రి. చేతికొచ్చిన కొలువు ఇడిసిపెడ్తనంటున్నది బిడ్డ. జర సమజాయించుండ్రి.” బామ్ని వెళ్ళి మళ్ళీ చెప్పాను. ఆమె మర్యాదగా విన్నది. ఆష్టికి పోలేదు. ఆ ఉద్యోగంలో వేరే ఎవరో చేరారు.

మరుసటి చలికాలం హెలెన్ రాలేదు. ఆమె పనికి డబ్బు ఇచ్చేవాళ్ళు ఆ పథకాన్ని ఆపేశారు. ఆమెను వేరే దేశంలో పనికి పంపారు. ఈ సంగతి స్వరూపకు గానీ నాకు గానీ ఎవరూ చెప్పలేదు. జీపు శబ్దం వినిపిస్తే వాకిట్లోకి వస్తోందని రాజయ్య చెప్పినప్పుడు, హెలెన్ నంబరు వెతికి నేనే ఫోన్ చేశాను.

స్వరూప ఉద్యోగం వదులుకున్నదని హెలెన్‌కు చెప్పాను. “తీసుకుంటానని నేను మాట ఇవ్వలేదే,” అంది. “తీసుకోవాలని నిజంగా కోరుకున్నాను. ఆ కోరికలో అబద్ధం లేదు.”

నాకు తెలుసన్నాను. మా భాషలో ఆ మాట ఎట్లా వినబడుతుందో వివరించాను.

“ఆ సీజన్‌లో నా మాటలన్నీ మీరు సరిచూశారు. ఈ ఒక్కటి మాత్రం నన్నడిగి ఎవరూ సరిచూసుకోలేదు,” అంది. ఆ గొంతులో నింద లేదు. తరువాత స్వరూపతో తనే మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

స్వరూప రెండేళ్ళు సిరోంచాలో ఒక బట్టల దుకాణంలో చేసింది. ఆ తరువాత మంచిర్యాలలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. పని మంచిగ చేస్తుందని పేరు. ఆష్టిలో ఆమెకు బదులు చేరిన వ్యక్తి ఉద్యోగం తరువాత పర్మనెంటయింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పోయినేడు ఒక పెళ్ళిలో కలిసినప్పుడు హెలెన్ గురించి నేనే ఎత్తాను.

“ఆమె మీద నాకేం కోపం లేదు సార్. రాళ్ళ పని యాదికొస్తది, గంతే,” అంది. ఇంగ్లీషు మాట్లాడే అవసరం మంచిర్యాలలో పడటం లేదని కూడా చెప్పింది.

వాక్యంలో ఈ చిన్న మాటల చోటు గురించిన పాఠాన్ని పదవీ విరమణ దాకా ఏటా చెప్పాను. పుస్తకంలో అది అరపేజీ. దానికి నేను రెండు పీరియడ్లు తీసుకునేవాణ్ణి. పిల్లలకు నేను నేర్పింది ఇదీ: ఇంగ్లీషులో ఎవరైనా గట్టిగా కోరుకుంటున్నామంటే, ఆ గట్టితనం కోరికది మాత్రమే. పని సంగతి తెలియాలంటే ఎప్పుడు, ఎవరి చేత, ఏ ఆదేశంతో అని అడగాలి. అడగడం అపనమ్మకం కాదు. నియమం చెప్తే పిల్లలు రాసుకునేవాళ్ళు. అడగడానికి కావలసిన మొహమాటం లేనితనాన్ని మాత్రం నేను ఎవరికీ నేర్పలేకపోయాను.