అగ్నిపర్వతాల మాస్టారూ, మా ఊరి దాళ్వా ఊడుపులూ

మా జియాలజీ మాస్టారు ఈ నెల మొదట్లో, ఒక మంగళవారం పొద్దున్న కాలం చేశారు. ఫోన్ వచ్చేసరికి నేను తణుకులో, మా హైస్కూలు స్టాఫ్ రూములో, ఏడో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు రెండు ముక్కల్లో సంగతి చెప్పి పెట్టేసింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నెల క్రితం నేనే ఆయనకి ఫోన్ చేసి, ఒంట్లో ఎలా ఉందండీ అని అడిగాను. "మీ స్కూలు మెట్లకి వాడింది ఏ రాయమ్మా?" అన్నారు. గమనించలేదండీ అన్నాను. "రోజూ ఎక్కే మెట్లు చూడవా? చూసి చెప్పు," అని పెట్టేశారు. ఒంట్లో ఎలా ఉందో చెప్పలేదు. నేను మెట్లు చూడలేదు. ఇప్పుడు చూసినా ఎవరికి చెప్పాలి?

పాత విద్యార్థులు ఆయన మీద వేస్తున్న చిన్న పుస్తకానికి నన్నో నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఆయన గురించి మంచి మాటలు రాయాలంటే ముందు ఆయన మమ్మల్ని ఎంత విసిగించారో రాయాలి. లేకపోతే అబద్ధమాడినట్టే.

తొంభైల మధ్యలో నేను రాజమండ్రిలో డిగ్రీలో చేరాను. కోరుకున్న గ్రూపులో సీటు రాక, మిగిలిన గ్రూపులో పడ్డాను. అందులో జియాలజీ ఉంది. మొదటి ఏడాది పాఠాల్లో 'అగ్నిపర్వతాలు, వాటి ప్రభావాలు' అని ఒక భాగం. వేరే కాలేజీల్లో దాన్ని పది రోజుల్లో ముగించేవారట. మా మాస్టారు జూలైలో మొదలుపెట్టి డిసెంబరు దాకా లాగారు. మిగతా సిలబస్ ఏమైపోతుందో అని మేం బెంగపెట్టుకుంటే, "భూమి ఏమైపోతుందో అని బెంగపెట్టుకోండి," అనేవారు. నోట్సు చెప్పేవారు కాదు. ఏదైనా అడిగితే జవాబు ఇవ్వకుండా తిరిగి మనల్నే ఇంకోటి అడిగేవారు. ఆయన క్లాసులోంచి బయటికొచ్చేసరికి, లోపలికి వెళ్ళేటప్పుడు తెలిసిన సంగతులు కూడా తెలియకుండా పోయేవి.

లావా ఎందుకు ఒకచోట పారుతుంది, ఒకచోట పేలుతుంది అన్నది చెప్పడానికి ల్యాబులో బెల్లం పాకం పట్టారు. "లేత పాకం జారిపోతుంది, ఎవర్నీ ఏమీ అనదు. ముదురు పాకం కదలదు, గాలిని లోపలే పెట్టుకుని ఉడికి ఉడికి చివరికి మీద పడుతుంది. చూడండి," అంటూ గిన్నెలో గరిటె పెట్టారు. ముదురు పాకం నిజంగానే టప్పున చిమ్మి ఆయన చేతి మీద పడింది. బొబ్బెక్కింది. "చూశారా!" అన్నారు సంతోషంగా. ఆ తర్వాత వారం రోజులు ల్యాబు నిండా చీమలే. మా రికార్డు పుస్తకాలకి పట్టిన చీమల్ని దులుపుకోలేక చచ్చాం.

పేపర్లు దిద్దేటప్పుడు ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట రాసేవారు, 'చూశావా?' అని. 'భారతదేశంలో అగ్నిపర్వతాలు లేవు' అని నేనొకసారి రాశాను. క్లాసులో నిలబెట్టి, "మరి అండమాన్ దగ్గర సముద్రంలో పొగ కక్కేది మీ తాతగారి పొయ్యా అమ్మా?" అన్నారు. మా తాతగారిని తీసుకొచ్చినందుకు నేను రెండు రోజులు ఆయనకి నమస్కారం పెట్టలేదు. ఆయన ఆ సంగతి గమనించనేలేదు. అదింకా మండింది.

నవంబరులో మమ్మల్ని కాటేరు దగ్గరి రాళ్ళ క్వారీకి తీసుకెళ్ళారు. మన రోడ్లకి, స్లాబులకి పోసే నల్ల కంకర ఉంది చూడండి, అది లావా. కోట్ల ఏళ్ళ కిందట కరిగి పారి, గడ్డకట్టిన రాయి. ఒక లావా పొరకీ ఇంకో పొరకీ మధ్య సున్నపురాయిలో ఆల్చిప్పలు కనిపించాయి. అంటే ఒకసారి లావా వచ్చి ఆగింది, తర్వాత సముద్రం వచ్చింది, మళ్ళీ లావా వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపు అయ్యేలోపే తలా మూడు రాళ్ళు మా చేతుల్లో పెట్టి, తను మాత్రం చేతులూపుకుంటూ బస్సెక్కారు. కండక్టరు తిట్లన్నీ మేం తిన్నాం.

నేను ఆ క్వారీలోంచి తెచ్చుకున్నది రాళ్ళు మాత్రమే కాదు, ఒక సగం తెలివి కూడా. రాజమండ్రిలో లావా పారిందంటే, మళ్ళీ ఎప్పుడైనా పారొచ్చు కదా అనుకున్నాను. ఆయన్ని అడిగి ఉండాల్సింది. అడిగితే తిరిగి నన్నే అడుగుతారని అడగలేదు.

జనవరిలో సెలవుకి కోనసీమలోని మా ఊరు వెళ్ళాను. ఆ ఆదివారం సాయంత్రం దక్షిణం వైపు కొబ్బరిచెట్ల పైన ఆకాశం ఎర్రబడింది. దూరంగా రైసుమిల్లు ఆడుతున్నట్టు ఒకటే హోరు. ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. కోనసీమలో ఒక చమురు బావి అంటుకున్న సంగతి మంగళవారం పేపరు వచ్చేదాకా తెలియలేదు. ఆ సాయంత్రానికి మాత్రం ఊరంతటికీ దొరికిన చదువుకున్న మనిషిని నేనే.

మా వీధిలో ఉండే బాబాయ్ వచ్చాడు. మాకు చుట్టం కాదు, నాన్న ఈడువాడు కాబట్టి బాబాయ్ అంటాను. రెండెకరాలు కౌలుకి చేసుకునేవాడు.

"అమ్మాయ్, నువ్వు కాలేజీలో చదివేది ఇదే కదే? ఏంటమ్మా అది?"

"అగ్నిపర్వతమే అయ్యుంటుంది బాబాయ్," అన్నాను.

'అయ్యుంటుంది' అన్నానని నేనిప్పటికీ వాదిస్తాను. కానీ అంతటితో ఆగలేదు. అందరూ నా నోటివంకే చూస్తున్నారు. అగ్నిపర్వతాల వల్ల కలిగే ప్రభావాలు నేను పన్నెండు బట్టీపట్టి ఉన్నాను. బూడిద పడుతుంది, పైర్లు మాడిపోతాయి, నీళ్ళు పాడవుతాయి, పశువులు చస్తాయి, వానలో ఆమ్లం కురుస్తుంది, అన్నీ గడగడా అప్పజెప్పాను. మా అమ్మ మొహంలో భయం కన్నా గర్వమే ఎక్కువ కనిపించింది.

మర్నాడు తెల్లారి బస్సుకే రాజమండ్రి వెళ్ళిపోయాను. మంగళవారం పేపర్లో గ్యాసు మంటలని చదివి నాలిక కరుచుకున్నాను. ఊళ్ళో వాళ్ళూ పేపరు చదువుతారు కదా అని సరిపెట్టుకున్నాను. ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఆ తప్పు మాస్టారిది కాదు, పాఠానిది కాదు, నాదే.

పది రోజుల తర్వాత నాన్న హాస్టలు గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు.

"ఏం చెప్పావే మీ బాబాయ్‌కి? ఊరంతా నారు ఊడ్చేశారు. ఆడొక్కడే చేనుకి నీళ్ళు పెట్టుకుని ఊరకే కూచున్నాడు. ఊడుపు ముఠాని వద్దని పంపేశాడు."

"పేపర్లో వచ్చింది కదా నాన్నా?"

"చూపించాను. పేపరోళ్ళకేం తెలుసు, మన పిల్ల అదే చదువు చదువుతుంది, ఊడ్చాక బూడిద పడితే పెట్టుబడంతా పోద్ది అంటున్నాడు. నారు ముదిరిపోతుందే. కాలవ కట్టేసేనాటికి గింజ పాలు పోసుకోవాలా వద్దా?"

మా వైపు వాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. దాళ్వా, అంటే సంక్రాంతి వేళ ఊడ్చే రెండో పంటకి నీళ్ళు కాలవవే. ఎండలు ముదిరే వేళకి కాలవలు కట్టేస్తారు. ఊడుపు ఎన్ని రోజులు ఆలస్యమైతే చివర్లో అన్ని రోజుల నీళ్ళు తక్కువ. బాబాయ్‌కి ఆ రెండెకరాలు తప్ప వేరే ఆధారం లేదు.

నేను ఏడుపు మొహంతో ల్యాబుకి పరిగెత్తాను. మాస్టారు రాళ్ళు తుడుచుకుంటున్నారు. అంతా విన్నారు.

"పన్నెండు ప్రభావాలూ చెప్పేశావా?"

"ఆయ్, చెప్పానండి."

"వరసగా?"

"వరసగానేనండి."

"పరీక్షలో రెండు మర్చిపోయావు కదమ్మా!" అని నెత్తి కొట్టుకున్నారు. తుడుస్తున్న రాయి పక్కన పెట్టారు. "రేపు మొదటి బస్సుకి రా," అన్నారు.

మర్నాడు పొద్దున్న పది గంటలకి మేమిద్దరం బాబాయ్ చేను గట్టు మీద ఉన్నాం. చుట్టూ చేలన్నీ పచ్చగా నిలదొక్కుకుంటుంటే, ఆ రెండెకరాలూ ఖాళీ నీళ్ళతో ఉన్నాయి. మూల ఆకుమడిలో నారు బారుగా పెరిగి కొసలు పసుపెక్కింది. దూరంగా మంట, దాని పైన పొగ, అదే హోరు. మాస్టారు ఇక్కడ గంటసేపు పాఠం చెబుతారని, బాబాయ్ దండం పెట్టి నమ్ముతాడని నేననుకున్నాను.

"ఏవండీ మాస్టారూ, అది అగ్నిపర్వతం కాదాండి?" అన్నాడు బాబాయ్.

"కాదండి. నేలలో గ్యాసు ఉంటుంది. బావి తవ్వుతుంటే పైకి తన్ని అంటుకుంది."

"బూడిద రాదాండి?"

"రాదండి. మండేది గ్యాసు, రాయి కాదు. దగ్గరి ఊళ్ళకి మసి రావచ్చు."

"ఎప్పటికి ఆరుద్దండి?"

"నాకు తెలీదండి."

బాబాయ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఈలోగా గాలి తిరిగి మసి మా వైపొస్తే, పైరుకేమవుద్దండి?"

"అదీ నాకు తెలీదండి. నేను చూడలేదు. కానీ ఈ నారు ఇంకో నాలుగు రోజులు ఇక్కడే ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు."

నాకు ప్రాణం పోయింది. ఇంత దూరం తీసుకొచ్చింది తెలీదని చెప్పడానికా? ఆ ఒక్క ముక్క ధైర్యంగా 'ఏమీ కాదు' అంటే ఈయన సొమ్మేం పోయింది? బాబాయ్ మాత్రం తువ్వాలు తీసి తలకి చుట్టుకున్నాడు.

"ఈ అమ్మాయికి అన్నీ తెలుసన్నదండి," అన్నాడు. "మీరు తెలీదంటున్నారు. అంటే మిగతాది మీకు తెలిసే ఉంటదండి. ఊడ్చేద్దారి." అని మనుషుల కోసం ఊళ్ళోకి బయల్దేరాడు.

ముఠాలన్నీ వేరే చోట్ల ఉన్నాయి. దొరికింది బాబాయ్ వాళ్ళావిడ పిన్ని, మా అమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. "ఈ అమ్మాయి కూడా దిగుతుందండి," అని మాస్టారే నా తరఫున చెప్పేశారు. ఊళ్ళో పుట్టానే గానీ నేనెప్పుడూ ఊడ్చినదాన్ని కాదు. ఇస్త్రీ పరికిణీ ఎగదోపుకుని పిక్కల్లోతు బురదలో దిగాను. ఆయన గట్టు మీద బొండాం తాగుతూ నా వరస వంకరగా పోతోందని చెబుతూ వచ్చారు.

"నీ కాళ్ళకి అంటుకున్నదేంటమ్మా?"

"బురదండి."

"ఎక్కడిది?"

"గోదారి తెచ్చిందండి," అన్నాను పళ్ళు నూరుకుంటూ. నడుం విరిగిపోతోంది.

"గోదారికెక్కడిది? పైన మహారాష్ట్రలో లావా పరిచిన గుట్టలున్నాయి. అవి అరిగి అరిగి వచ్చిన మన్ను ఇందులో బోలెడుంది. ప్రభావాలు రాయమంటే చావులన్నీ రాశావు. తినే అన్నం రాయలేదు."

నారు కట్టలు అందిస్తున్న బాబాయ్ ఆగిపోయాడు. "ఇది లావానాండి?"

"ఒకప్పుడండి."

బాబాయ్ గుప్పెడు బురద తీసి చూసుకున్నాడు. "మరి మంచిది ఒక్కటీ చెప్పలేదే ఈ పిల్ల!" అన్నాడు. ఆడవాళ్ళందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. వంగుని ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

ఊడుపు పూర్తవడానికి ఇంకో మూడు రోజులు పట్టిందట. మసి మా ఊరు రాలేదు. పంట వచ్చింది కానీ, చివర్న ఊడ్చిన మడిచెక్కలో నీళ్ళందక, గింజ పట్టక సగం తాలు పోయింది. బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. కనపడినప్పుడల్లా "అమ్మాయ్, ఇవాళేమన్నా పేలుద్దా?" అని మాత్రం అడుగుతాడు. ఇప్పటికీ అడుగుతున్నాడు, మా పిల్లల ముందు కూడా.

తాలు సంగతి మాస్టారికి చెప్పాను. ఓదారుస్తారనుకోవడం నా బుద్ధితక్కువ. మర్నాడు క్లాసులో స్లిప్ టెస్టు పెట్టారు. 'అగ్నిపర్వతాల గురించి నీకు తెలియనిది ఒక పేజీ వ్రాయుము.' గంటసేపు పెన్ను కొరుకుతూ కూర్చుని మూడు వాక్యాలు రాశాను. అంత కష్టమైన పరీక్ష నేను మళ్ళీ రాయలేదు. పదికి నాలుగు వేశారు. ఇప్పుడు నా క్లాసులో పిల్లలకి ఏడాదికోసారి అదే పరీక్ష పెడతాను. వాళ్ళూ నన్ను అలాగే తిట్టుకుంటారు. ఆయనకి ఈ సంగతి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఫోన్ చేస్తే రాళ్ళ గురించి అడిగేవారు, చెప్పడం కుదిరేది కాదు. ఆయన నాకు ఇచ్చినదానికి కృతజ్ఞత చెప్పే సందు కూడా ఇవ్వలేదు. ఇదే నా అసలు కోపం.

పెద్దకర్మ రోజున బాబాయ్ కూడా వస్తానన్నాడు. ఊడుపులు నడుస్తున్నాయి కదా, ఎందుకు బాబాయ్ అన్నా వినలేదు. తెల్లారకుండానే లేచి చేలో నీళ్ళు సరిచేసి, అట్నుంచటే బస్సెక్కి రాజమండ్రి వచ్చాడు. హాల్లో ఫోటో చుట్టూ కుర్చీల్లో లెక్చరర్లు, పాత విద్యార్థులు కూర్చుని ఉన్నారు. ఆయన ఎంత జ్ఞానో, ఆయనకి తెలియని విషయం లేదని ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు. మాస్టారి అబ్బాయి బాబాయ్ దగ్గరికొచ్చి, "నాన్నగారికి మీరేమవుతారండీ?" అని అడిగాడు.

"ఏమీ అవనండి. ఒక్కపూట చూశానండి," అన్నాడు బాబాయ్. "నేనొకటి అడిగితే, నాకు తెలీదండి అన్నారండి."

ఆ అబ్బాయి అర్థంకాక నా వంక చూశాడు. బాబాయ్ చెప్పులు గుమ్మం బయటే వదిలి, ఫోటో ముందు కాసేపు నిలబడి, దండం పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. గుమ్మం దగ్గర కాళ్ళు సరిగ్గా కడుక్కున్నట్టు లేదు. బాబాయ్ నిలబడినచోట తెల్లటి గచ్చు మీద రెండు పాదాల మేర నల్ల బురద మిగిలింది. మాస్టారి కోడలుగారు తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. కాసేపు ఉండనివ్వండి అన్నాను. ఆవిడ గుడ్డ చేత్తో పట్టుకుని నా పక్కనే నిలబడింది.