తల్లి చెట్లను ఎంచిన అత్త

అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను కొబ్బరి నారుమడికి నీళ్లు పోయిస్తున్నాను. జ్వరంతో శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉన్న ఆమె తెల్లవారుజామున కన్నుమూసిందని, బస్సు దిగి పరుగున వచ్చిన మా మరిది చెప్పాడు. నీళ్లు మోస్తున్న ఆడవాళ్లు కడవలు దించేసి గొల్లుమన్నారు. కాసేపటికి వాళ్లలో పెద్దామె కళ్లు తుడుచుకుని లేచింది. "ఎండెక్కితే మొక్క వాడిపోద్ది. ఈ మడి తడిపీసి ఎల్దాం. నేకపోతే ఆవిడే కేకలేసును" అంది. తడిపేసే వెళ్లాం.

ఆమె మా నాన్నకు చెల్లెలు. నాకు మేనత్త, తరవాత అత్తగారు. ఉద్దానంలో అందరిలాగే ఆ ఇంటికీ కొబ్బరే బతుకుతెరువు. మామయ్య ఉండగా, బండి మీద తిరిగి అమ్మే వ్యాపారి ఒకడి దగ్గర మొక్కలు కొని తోట వేశారు. ఆ వెంటనే మామయ్య పోయాడు. ఇసక నేలలో కడవలతో నీళ్లు మోసి అత్తే ఆ తోటను పెంచింది. చెట్లు ఏపుగా ఎదిగాయి, కాపు మాత్రం రాలేదు. అరకొరగా వచ్చిన కాయలు ఒట్టి పీచు. కొబ్బరి మొక్కతో చిక్కే అది. మోసపోయామని తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి, అమ్మినవాడు ఎక్కడుంటాడో తెలియదు.

నీడకైనా ఉంచమన్నారు ఊళ్లోవాళ్లు. "నీడ కోసమేటి నాను నీళ్లు మోసినాను?" అని అత్త ఆ చెట్లన్నీ కొట్టించింది. ఆ జాగాలోనే నారుమడి వేసింది. తనలా మరొకరు ఏడవకూడదన్నది ఆమె పట్టుదల.

ప్రభుత్వం నారుమళ్లను తనిఖీ చేసి గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టిందని గ్రామసేవక్ చెప్పగానే, మొదట అడిగింది అత్తే. వ్యవసాయ శాఖ ఆఫీసరు వచ్చి మడి అంతా తిరిగి చూశాడు.

"విత్తనపు కాయలు ఎక్కడివమ్మా?"

"సంతలో ఏరి కొన్నాను బాబూ."

"తల్లి చెట్టు ఏదో తెలియకుండా గుర్తింపు ఇవ్వలేను."

నాకు కోపం వచ్చింది. అత్తకు రాలేదు. "నాను మోసపోయినప్పుడు ఈ మాట అడిగినోడు ఒక్కడూ నేకపోయాడు. ఏటి సెయ్యాలో సెప్పు బాబూ, సేస్తాను" అంది.

ఆ ఏడాది ఆ మొక్కలు ఒక్కటీ అమ్మలేదు. చోడి అంబలి పట్టుకుని తోట తోటకూ తిరిగింది. నేనూ వెంట వెళ్లేదాన్ని. చెట్టు యజమానులను కాదు, కాయలు ఏరే ఇంటి ఆడవాళ్లను అడిగేది: "ఈ సెట్టు ఏ ఏడైనా అలిగిందేటమ్మా?" ఏటా తప్పకుండా కాసేదని తేలితేనే ఆ చెట్టు మొదలు చుట్టూ సున్నంతో పట్టీ వేయించేది. ఆ చెట్ల కాయలే మడిలో పాతాం. ఆలస్యంగా మొలిచినవి, పీలగా ఉన్నవి పీకేశాం. పీకుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. "జాలి మొక్క మీద కాదే, కొన్నోడి మీద సూపించు" అనేది.

మరుసటి ఏడు ఆఫీసరు తృప్తిగా చూసి గుర్తింపు ఇచ్చాడు. మా వాకిట్లో బోర్డు కట్టాం.

అసలు పరీక్ష ఆ తరవాత వచ్చింది. మా నాన్న కూడా నారుమడి వేశాడు, తల్లి చెట్టు చూపలేక దానికి గుర్తింపు దొరకలేదు. ఆయన మా ఇంటికి వచ్చి, "సెల్లీ, నా మొక్కలు నీ మొక్కల్లో కలిపీ. బోర్డు ఉన్నాది కదా, అడిగీవోడెవడు?" అన్నాడు.

"నానే అడుగుతాను అన్నా. కలపను."

నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వైనా సెప్పవే మీ అత్తకి."

గుమ్మంలో మజ్జిగ చెంబుతో నిలబడిపోయాను. కాపు లేక బోడిగా నిలిచిన ఆ పాత తోట కళ్లముందు మెదిలింది. "వద్దు నాన్నా" అన్నాను. ఆయన మజ్జిగ ముట్టకుండా వెళ్లిపోయాడు. నెలలు గడిచినా మా గడప తొక్కలేదు.

నా దిగులు అత్తకు తెలుసు. "నీ కన్నోరింటి దారి నా వల్ల మూసుకుంది. నానే తెరుస్తాను" అని, సున్నం పట్టీల చెట్ల కాయలు బండికెత్తించి నన్ను తీసుకుని బయలుదేరింది. నాన్న అరుగు మీద కూర్చుని పలకరించలేదు. "నువ్వు మాటాడకపోతే పోనీ, మడి మాత్రం మళ్లీ వెయ్యాల" అని అత్త కొంగు దోపుకుని, పార పట్టుకుని తవ్వడం మొదలుపెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా తవ్వింది. చివరికి నాన్నే వచ్చి ఆమె చేతిలోంచి పార లాక్కున్నాడు. "సాల్లే, నీడకెల్లి కూకో" అన్నాడు. ఆ మాటతోనే ఇద్దరికీ మళ్లీ మాటలు కలిశాయి.

ఈ ఏడు నాన్నకూ గుర్తింపు వచ్చింది. ఆ కబురు విని అత్త నవ్వి, "అన్న సేతి మొక్క ఇప్పుడు నానే కొంటాను" అంది. కొనే వ్యవధి దొరకలేదు.

దినాలు ముగిసిన మర్నాడు మొక్కల కోసం రైతుల బండ్లు వచ్చాయి. నాన్న, నేను పక్కపక్కన నిలబడి మొక్కలు ఎంచి ఎక్కించాం. పీలగా కనిపించినదాన్ని ఆయన నాకంటే ముందే తీసి పక్కన పారేశాడు. ఆఖరి బండిలో ఒక ముసలామె తన మొక్కను మిగతావాటితో పాటు కింద పెట్టనివ్వలేదు. ఒళ్లో నిలబెట్టుకుంది. ఇసక దారిలో బండి కుదిపినప్పుడల్లా, లేత ఆకు విరగకుండా అరచేయి అడ్డుపెట్టుకుంటూ వెళ్లింది.