సూదమ్మ తన రక్తం తీసుకున్న రోజు

ఆ పరీక్షల కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా రక్తం తీస్తున్న ఆవిడను అందరూ సూదమ్మ అనేవారు. చెయ్యి తేలిక. ఒక్క పోటుకే నరం దొరికేది. నోటి పోటుకు మాత్రం మందు లేదు.

పరగడుపునే వచ్చామంటూ మీసానికి బిస్కెట్టు పొడితో దిగే పెద్దమనుషులంటే ఆవిడకు ఒళ్లుమంట. “అబద్ధం మీరు చెప్తారు సరే, మీ రక్తం చేత చెప్పించగలరా?” అనేది. షుగరు మూడువందలు దాటిన కాగితం చేతికిస్తే పళ్లికిలించే వాళ్లను చూస్తే ఇంకా అసహ్యం. ఆవిడ దృష్టిలో జనం రెండే రకాలు: సన్నగా ఉన్నవాళ్లు, సిగ్గులేనివాళ్లు.

సిగ్గులేనివాళ్లలో మొదటి పీట ఆడపడుచుది. భర్తకు అక్క. ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచే ఉద్యోగం, భారీ మనిషి. ఆమె ఇంటి గుమ్మంలో కనపడగానే సూదమ్మ, “ఆ ప్లాస్టిక్ కుర్చీ జోలికి పోకు వదినా, పాపం దానికీ ప్రాణముంటుంది” అనేది. ఆడపడుచు నవ్వేసి చెక్కబల్ల మీద కూర్చునేది. ఆ నవ్వు చూస్తే సూదమ్మకు మరీ చులకన.

తన కాళ్లూ చేతులూ పుల్లలే. తెల్లకోటు కింద పొట్ట మాత్రం ముందుకొచ్చింది. వయసు కదా అనుకుంది. రోజంతా స్టూలు మీదే కూర్చుని, మూడేసి చెంచాల పంచదారతో ఐదుసార్లు టీ తాగేది. వేలమంది రక్తం తీసింది కానీ తనది ఒక్కనాడూ పరీక్షకు పెట్టలేదు. సన్నటి మనిషికి ఎందుకా గోల?

యాభై ఒకటో ఏట విరేచనంలో రక్తం కనపడింది. మొలలనుకుంది. ఎనిమిది నెలలు అలా అనుకుంటూనే ఉంది. ఆ ఎనిమిది నెలల్లోనే, “మొలలేనేమోనండీ” అని వచ్చినవాళ్లను “అది నువ్వే తేల్చేస్తే డాక్టర్లు గోళ్లు గిల్లుకోవాలా?” అని చెడామడా దులిపేసింది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కళ్లు తిరిగి బల్ల పట్టుకుంది. అందరూ భోజనాలకు వెళ్లాక తలుపేసుకుని, రబ్బరు పట్టీ పంటితో బిగించి, తన రక్తం తానే తీసుకుంది. హిమోగ్లోబిన్ ఏడు. ఆరు దాటకూడని మూడు నెలల సగటు షుగరు తొమ్మిది దాటింది. నూటయాభై లోపు ఉండాల్సిన రక్తంలో కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, నాలుగువందల పది. ఇంకొకరివైతే పెదవి విరిచేది. కాగితం మీద ఉన్నది తన పేరు.

భర్త ఆసుపత్రి అంటేనే ఆమడ దూరం పారిపోతాడు. తీసుకెళ్లింది ఆడపడుచే. పెద్దపేగులోకి గొట్టం వేసి చూశారు. గడ్డ. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్.

“నేను లావు కాదు కదండీ!” అంది సూదమ్మ, ఆడపడుచు వైపు ఓరగా చూస్తూ. ఆ స్థితిలో కూడా.

డాక్టరమ్మ ఆ చూపు కనిపెట్టింది. “తూకం ఒక్కటే చూస్తే చాలదమ్మా. మీ కొవ్వంతా పొట్ట లోపల పేరుకుంది. నడుము చుట్టుకొలత, షుగరు, బీపీ, రక్తంలో కొవ్వు, ఇవన్నీ కలిసి పెరిగినవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. మీకు వాటివల్లే వచ్చిందని నేను చెప్పలేను. కానీ రక్తం పడ్డ మొదటి వారంలోనే మీరు రావాల్సింది. అందులోనూ ఈ పనిలో ఉన్న మనిషి!”

బయటికొచ్చాక వరండాలో సూదమ్మ అడిగింది. “నీ రిపోర్టులు ఎలా ఉంటాయి వదినా?”

“బాగానే ఉన్నాయే. కాస్త బరువు తగ్గమని చీవాట్లు పెడతారనుకో. రోజంతా నడుస్తాను కదా, షుగరు దగ్గరికి రాలేదు.”

“ఎక్కడ చేయించావు? మా దగ్గరికి ఎప్పుడూ రాలేదే.”

“నీ దగ్గరికా? నీ నోటికి జడిసి మూడేళ్లుగా ఊరి ఆ చివరకు పోతున్నా.”

తన నోటికి దడిసి అసలు పరీక్షలే మానుకున్నవాళ్లు ఎంతమందో అన్న ఆలోచన ఆపరేషను రోజు దాకా సూదమ్మను వదల్లేదు.

మూరెడు పేగు తీసేశారు. తర్వాత ఆరు నెలలు మందులు. ఆడపడుచు సాయంత్రాలు వచ్చి నడిపించేది. ముందు ఆ భారీ మనిషి గాలిలా పోతుంటే, వెనక ఈ పుల్ల మనిషి ఆయాసపడుతూ.

“ఇన్నేళ్లు ఊరందరి రక్తం చూశాను. నా అంత మొద్దుది ఎక్కడైనా ఉందా?” అంది ఒకరోజు.

“లేదు. కాదని నేనంటాననుకున్నావా?” అంది ఆడపడుచు వెనక్కి తిరక్కుండానే. “నడువు.”

రెండేళ్లకు మళ్లీ గొట్టం వేసి చూసి, పేగు శుభ్రంగా ఉందన్నారు. సూదమ్మ ఆ కబురు భర్తకన్నా ముందు ఆడపడుచుకు ఫోన్ చేసి చెప్పింది.